పురుగు కడుపులో వంటగది

పత్తి పూత, పిందె మీదికి వచ్చిందంటే పడమటి కర్నూలు పల్లెల్లో రైతు వీపు మీద నుంచి స్ప్రేయరు దిగదు. చిప్పగిరి, ఆలూరు, హాలహర్వి నల్లరేగడి చేలయినా, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చేలయినా, ఆకు తిప్పి చూస్తే అడుగున పేనుబంకో తెల్లదోమో కనబడుతుంది. రైతు మందుల అంగడికి పోతాడు. ఇది కొట్టు, దాంట్లో ఇది కలుపు అని రెండు మూడు డబ్బాలు చేతిలో పెడతారు. అప్పు ఖాతాలో ఇంకో పద్దు చేరుతుంది. పది పన్నెండు రోజులు గడిచేసరికి పురుగు మళ్లీ అదే ఆకు కింద ఉంటుంది. సంఘం సమావేశాల్లో మేం తరచూ వినే ప్రశ్న ఒకటే: ఇంత కొట్టినా ఇది ఎక్కడి నుంచి పుట్టుకొస్తోంది?

నకిలీ మందులు, కాలం చెల్లిన మందులు, ఒకే రకం మందును మళ్లీ మళ్లీ కొట్టడంతో పురుగుకు అబ్బిన తట్టుకునే శక్తి, ఇవన్నీ నిజమైన కారణాలే. వీటి గురించి ఈ పత్రికలో చాలాసార్లు రాశాం, ఇకముందూ రాస్తాం. ఈ నెల మాత్రం ఇంకో వైపు నుంచి చూడాలనుకుంటున్నాం. అసలు ఆ పురుగు ఏం తిని అంత వేగంగా పెరుగుతోంది?

పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి ఆకును నమలవు. సూది లాంటి మూతిని ఆకులోకి దింపి, మొక్క తన ఆహారాన్ని పంపుకునే సన్నని నాళాల్లోంచి రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెరకు కొదవ లేదు. ఒళ్లు కట్టడానికి కావాల్సిన మాంసకృత్తుల ముడిసరుకే చాలా తక్కువ. మనిషికి ఏడాది పొడవునా బెల్లం పానకం తప్ప ఇంకేమీ పెట్టకపోతే ఎలా ఉంటుందో, ఈ పురుగుల తిండి అలా ఉంటుంది. మనం జొన్నరొట్టెతో పాటు పప్పు తినేది ఎందుకు? ఒంటికి కావాల్సిన ఇరవై రకాల అమైనో ఆమ్లాల్లో తొమ్మిది పది రకాలను మన శరీరం స్వయంగా తయారు చేసుకోలేదు గనుక. అవి తిండి ద్వారానే రావాలి. పురుగుల శరీరం కూడా ఇంతే. మరి పప్పు లేని పానకంతో పేనుబంక వారం పది రోజుల్లో ఎదిగి, మగదానితో పని లేకుండా రోజుకు కొన్ని పిల్లలను ఎలా కంటోంది?

దాని పొట్టలో వంటమనిషి ఉంది. పేనుబంక శరీరంలో కొన్ని పెద్ద కణాలు ప్రత్యేకంగా ఉంటాయి. ఒక్కో కణం నిండా వేల సంఖ్యలో బాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది. ఇవి పేగులో తిరిగే సూక్ష్మజీవులు కావు, పురుగు కణం లోపలే కాపురం పెట్టినవి. ఇలాంటి కాపురాలను జీవితమంతా పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ బుక్నర్ పేరు మీద 1991లో ఈ బాక్టీరియాకు బుక్నెరా అని పేరు పెట్టారు. మన పత్తి మీది పేనుబంకలోనూ, బుడ్డల చేలో కొమ్మల చివర్లకు నల్లగా పట్టే పేనుబంకలోనూ ఉండేది ఇదే కుటుంబం.

ఈ వంట ఎలా సాగుతుందో కాస్త నిదానంగా చూడాలి, రైతుకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. మొక్క రసంలో దొరికే కొద్దిపాటి నత్రజని ఎక్కువగా గ్లూటమిన్, ఆస్పరజిన్ లాంటి మామూలు అమైనో ఆమ్లాల రూపంలో ఉంటుంది. పురుగు వాటిని ఆ ప్రత్యేక కణాల్లోకి చేరవేస్తుంది, చక్కెర కూడా అందిస్తుంది. బుక్నెరా ఆ సరుకుతో పురుగు తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలను వండి వెనక్కి ఇస్తుంది. వృథా అంటూ ఏమీ పోదు. మన ఒంట్లో మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను మనం మూత్రంలో బయటికి పంపేస్తాం. పేనుబంక మాత్రం దాన్ని ఆ కణాల్లోనే పట్టి మళ్లీ గ్లూటమిన్‌గా మార్చి వంటకు వాడుకుంటుంది. పేడను చేనుకు తోలుకునే రైతు లెక్కే ఇదీ. కొన్ని అమైనో ఆమ్లాల విషయంలో వంట మొదలుపెట్టేది బాక్టీరియా, చివరి మెట్టు పూర్తి చేసేది పురుగు. కరువైన సరుకు కోసం బాక్టీరియా అదనపు ఏర్పాటూ చేసుకుంది. కొన్ని పేనుబంక జాతుల్లోని బుక్నెరా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారీలో కీలకమైన జన్యువుకు అనేక నకళ్లు పెట్టుకుంది, ఆ పొయ్యి ఎప్పుడూ ఆరకుండా.

ఈ పొత్తు పాతది. 15 కోట్ల ఏళ్లకు పైబడినదని శాస్త్రవేత్తల లెక్క. కాగితం లేదు, పంచాయితీ లేదు, ఏటా గుత్త పెంచే యజమాని లేడు. తల్లి నుంచి పిల్లకు ఆ బాక్టీరియా వారసత్వంగా వెళ్తుంది. తెల్లదోమలో అయితే బాక్టీరియా నిండిన తల్లి కణం మొత్తంగా గుడ్డులోకి చేరుతుంది. ఇన్ని కోట్ల ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి ఉండి బుక్నెరా బయట బతకడం మరిచిపోయింది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దాని జన్యు పటం మొత్తం చదివారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలి బాక్టీరియాకు 46 లక్షల అక్షరాల జన్యు పటం ఉంటే, దీనికి మిగిలింది 6 లక్షల 40 వేలు. తన ఒంటి పొరను కట్టుకునే జన్యువులను కూడా చాలావరకు పోగొట్టుకుంది. అమైనో ఆమ్లాలు వండే జన్యువులను మాత్రం వదులుకోలేదు. అంటే పురుగు దాన్ని ఏ పనికి ఇంట్లో పెట్టుకుందో ఆ పనే దానికి మిగిలింది. ఇది లేకుండా అది బతకదు, అది లేకుండా ఇదీ బతకదు.

నిమ్మ, నారింజ తోటల మీది ఒక పిండినల్లిలో ఇంకా విచిత్రం ఉంది. దాని కణాల్లో ఒక బాక్టీరియా, ఆ బాక్టీరియా కడుపులో ఇంకో బాక్టీరియా! ఒక్కో అమైనో ఆమ్లాన్ని ముగ్గురూ మెట్లు పంచుకుని వండుతారు. వరిలో సుడిదోమకు ఈ పని చేసిపెట్టేది బాక్టీరియా కాదు, ఈస్టు లాంటి ఒక శిలీంధ్రం. దోమ ఒంట్లో పేరుకునే యూరిక్ ఆమ్లాన్ని అది తిరిగి పోషకంగా మారుస్తుంది. తుంగభద్ర దిగువ కాలువ కింద వరి వేసే రైతులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, యూరియా సంగతి దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ వంటకు ఒక వెనకపక్క కూడా ఉంది, అది నేరుగా మన ధరకు తగులుతుంది. కొద్దిపాటి నత్రజని కోసం పురుగు చాలా రసం పీల్చాలి. దాంతో లోపలికి వచ్చిన చక్కెరలో ఎక్కువ భాగం దానికి అక్కర్లేనిదే. దాన్ని జిగురు రూపంలో వెనక నుంచి వదిలేస్తుంది. ఆకుల మీద మెరిసే బంక అదే, దాని మీద పెరిగే నల్లటి బూజే మసి తెగులు. కాయ పగిలాక ఆ బంక దూది మీద పడితే పత్తి అంటుకుంటుంది, జిన్నింగులో, మిల్లులో యంత్రాలకు పట్టుకుంటుంది. ఆదోని యార్డులో పత్తిని చేత్తో పిసికి చూసి ధర తగ్గించేటప్పుడు ఈ జిగురు కూడా ఒక సాకవుతుంది. పురుగుకు మిగులు చక్కెర, రైతుకు తరుగు.

తెల్లదోమ కథ ఇంకా లోతు. దానిలో పోర్టియెరా అనే ప్రధాన బాక్టీరియాతో పాటు హామిల్టనెల్లా, ఆర్సెనోఫోనస్, రికెట్సియా లాంటి అదనపు కాపురాలు కూడా ఉంటాయి. ఏ ప్రాంతపు దోమలో ఏవి ఉంటాయనేది మారుతూ ఉంటుంది. ఈ అదనపు బాక్టీరియా తిండితోనే ఆగదు. తెల్లదోమ టమాటాకు ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుందని పత్తికొండ, ఆస్పరి టమాటా రైతులకు చెప్పనక్కర్లేదు. దోమ ఒంట్లో ఆ వైరస్ చెడిపోకుండా కాపాడేది హామిల్టనెల్లా తయారు చేసే ఒక ప్రొటీన్ అని ఇజ్రాయెల్ పరిశోధకులు 2010లో చూపించారు. పత్తి ఆకుముడత వైరస్ విషయంలో ఆర్సెనోఫోనస్‌కు అలాంటి పాత్రే ఉందని ఢిల్లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించారు. అమెరికాలో పత్తి పండే అరిజోనా రాష్ట్రంలో తెల్లదోమల్లో రికెట్సియా ఉన్నవి ఒకప్పుడు నూటికి ఒకటి. ఆరేళ్లలో నూటికి 97 అయ్యాయి. ఆ బాక్టీరియా ఉన్న దోమలు ఎక్కువ పిల్లల్ని పెట్టాయి, వాటిలో ఆడవి ఎక్కువ. ఒక ప్రాంతంలో దోమ ఉధృతి ఉన్నట్టుండి పెరిగితే దాని కడుపులో ఎవరున్నారో కూడా చూడాలని దీని అర్థం.

మన దగ్గర ఎవరు చూస్తున్నారు?

ఈ ప్రశ్నకు వెనక ఒక చరిత్ర ఉంది. 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టారు. కాయతొలిచే పురుగు కోసం కొట్టిన ఆ మందులు మిత్ర పురుగులను చంపాయి, తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో అక్కడి పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపాయి. 2002లో బీటీ పత్తి వచ్చింది. అది కూడా ఒక బాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువే. కానీ ఆ విషం పనిచేసేది ఆకు, కాయ నమిలే గొంగళి పురుగు పేగులో. రసం పీల్చే పురుగును అది తాకదు. ఆ తర్వాత మందుల ఖర్చు అంతా రసం పీల్చే పురుగుల వైపు మళ్లింది, ఇప్పుడు గులాబీ రంగు పురుగు కూడా బీటీని దాటేసింది. బీటీకి ముందుకన్నా ఇప్పుడే పత్తి రైతు పురుగుమందులకు ఎక్కువ పెడుతున్నాడని నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ మాజీ డైరెక్టర్ కె.ఆర్.క్రాంతి, అమెరికా పరిశోధకుడు గ్లెన్ స్టోన్ 2020లో లెక్కలతో రాశారు. 2015లో పంజాబ్ పత్తిని తెల్లదోమ ఊడ్చేసినప్పుడూ అక్కడున్నది బీటీ పత్తే.

ఇక యూరియా. రసం పీల్చే పురుగుకు కరువు నత్రజనిది, చక్కెరది కాదు. చేనుకు మోతాదు మించి యూరియా వేస్తే ఆకు లేతగా, ముదురు పచ్చగా తయారవుతుంది, రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. మనం బస్తా ఎత్తి పోసింది పురుగు పొట్టలోని వంటగదికి సరుకు అవుతుంది. పత్తిలో పేనుబంక, తెల్లదోమ, వరిలో సుడిదోమ నత్రజని ఎక్కువైన చేలలో ఎక్కువ పెరుగుతాయని రైతు కళ్లతో చూసిందే, పరిశోధనలు చెప్పిందీ అదే. ఆ పెరిగిన పురుగు కోసం మళ్లీ మందు కొంటున్నాం. ఒక డబ్బు రెండుసార్లు పోతోంది.

ఇది చెప్పి రైతును ముద్దాయిని చేయాలని కాదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తుంటే, 50 కిలోల డీఏపీ 1,350 రూపాయలైతే, పొటాష్ ధర అందకపోతే, కౌలు రైతు ఏది వేస్తాడు? ఎరువుల సబ్సిడీ విధానమే నత్రజని వైపు తక్కెడను వంచింది. భూసార పరీక్ష ఫలితం విత్తనం పడకముందు చేతికి రావాలి. పంట కోశాక వచ్చే కార్డు గోడకు అంటించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కొందరు తెలివైన వ్యాపారులకు ఇక్కడ ఇంకో ఆలోచన రావచ్చు, వచ్చే ఉంటుంది కూడా. పురుగు బతికేది బాక్టీరియా మీద అయితే, బాక్టీరియాను చంపే మందు కొడితే పోదా? ప్రయోగశాలలో ఇది నిజం. పేనుబంకకు యాంటీబయాటిక్ కలిపిన తీపినీళ్లు తాగిస్తే బుక్నెరా పోతుంది. పురుగు గిడసబారి, పిల్లల్ని పెట్టలేకపోతుంది. చేలో మాత్రం ఈ దారి తొక్కవద్దని మేం గట్టిగా చెబుతున్నాం. ఆకు మీద కొట్టిన మందు పురుగు కణాల లోపలికి తగినంతగా చేరుతుందన్న భరోసా లేదు. నేలలో, నీళ్లలో, పశువుల్లో, మన ఒంట్లో ఉండే బాక్టీరియాకు మాత్రం తప్పక తగులుతుంది, మందుకు లొంగని రకాలు తయారవుతాయి. పత్తి నల్లమచ్చ తెగులుకు కొట్టే స్ట్రెప్టోమైసిన్ టీబీ వైద్యంలో వాడే మందు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను వ్యవసాయంలో ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది, 2024 నుంచి వాడకం పూర్తిగా మానాలని అందులో ఉంది. పురుగుకు పని చేస్తుందని ఎవరైనా ఆ పొడిని చేతిలో పెడితే తీసుకోకండి.

ఇలాంటి హెచ్చరిక జపాన్ నుంచి ఇంకోటి ఉంది. చిక్కుడు జాతి పైర్ల కాయల మీద రసం పీల్చే ఒక నల్లి ఉంది, మన కందికాయ మీది నల్లులకు దగ్గరి చుట్టం. దాని బాక్టీరియా తల్లి నుంచి రాదు, పిల్ల పురుగు ప్రతి తరంలోనూ నేలలోంచి తెచ్చుకుని పేగు సంచుల్లో పెట్టుకుంటుంది. ఫెనిట్రోథియాన్ అనే మందు పదేపదే కొట్టిన నేలలో ఆ మందును విరిచి తినే బాక్టీరియా పెరిగింది. ఆ నేలలో పెరిగిన నల్లి ఆ బాక్టీరియాను తెచ్చుకుని, మందును తట్టుకుంది. 2012లో కికుచి బృందం దీన్ని ప్రచురించింది. సాధారణంగా పురుగు మందును తట్టుకోవడానికి అనేక తరాలు పడుతుంది. ఇక్కడ ఒక్క తరం చాలింది, ఎందుకంటే నేర్చుకున్నది పురుగు కాదు, నేల. ఏటా ఒకే మందు, ఒకే చేను అన్న మన అలవాటు గురించి ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు!

మరి ఈ జ్ఞానంతో మంచి మందులు రావా? వస్తాయి. పురుగులో ఒక నిర్దిష్ట జన్యువును మూగబోయేలా చేసే ఆర్‌ఎన్‌ఏ మందుల మీద ప్రపంచమంతా పని జరుగుతోంది. పురుగు, బాక్టీరియాల మధ్య సరుకు చేరవేసే ప్రొటీన్లను ఆపగలిగితే, తేనెటీగకు, అక్షింతల పురుగుకు హాని లేకుండా పేనుబంకను మాత్రమే పస్తు పెట్టవచ్చు. ఆకుల మీద పిచికారీ చేసే తొలి ఆర్‌ఎన్‌ఏ పురుగుమందుకు అమెరికా 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చింది, అది బంగాళాదుంప మీది పెంకు పురుగుకు. మేం ఈ శాస్త్రానికి వ్యతిరేకం కాదు. మా ప్రశ్న అది ఎవరి చేతిలో ఉంటుందన్నదే. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్మిన రోజులు మనకు గుర్తున్నాయి. అందులో 1,250 రూపాయలు కంపెనీ సాంకేతిక రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్తేనే ధర 750కి దిగింది. అప్పటికి నాలుగు సీజన్లు రైతు జేబుకు చిల్లు పడింది. రేపు పురుగు కడుపులోని వంటగదికి తాళం వేసే మందు వస్తే, ఆ తాళం చెవి పేటెంటు రూపంలో మళ్లీ ఒకటి రెండు కంపెనీల దగ్గరే ఉంటుందా?

మనకు సంస్థలు లేక కాదు. ఎమ్మిగనూరు పక్కన బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నంద్యాలలో పత్తి మీద దశాబ్దాల అనుభవం ఉన్న ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. బెంగళూరులో పురుగుల మీదే పనిచేసే జాతీయ సంస్థ ఉంది, చిప్పగిరి నుంచి అది అమరావతి కన్నా దూరమేమీ కాదు. ఈ సంస్థల శాస్త్రవేత్తల్లో చాలామంది నిజాయతీగా పనిచేసేవారే. వాళ్లకు ఖాళీలు నింపని పోస్టులు, అందని నిధులు, పనికి మించిన ప్రభుత్వ కార్యక్రమాల భారం. పడమటి మండలాల తెల్లదోమను, పేనుబంకను ప్రతి సీజన్‌లో సేకరించి, ఏ రకం, ఏ మందుకు లొంగడం లేదు, కడుపులో ఏ బాక్టీరియా ఉంది అని పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టే పని వీళ్లకు అప్పగించాలని సంఘం కోరుతోంది. దానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. ఈ పరిశోధనల్లోంచి వచ్చే ఏ మందైనా, సూక్ష్మజీవి ఉత్పత్తయినా ప్రభుత్వ హక్కుగా ఉండాలని, రైతు సహకార సంఘాలకు తయారీ అనుమతి ఇవ్వాలని కూడా కోరుతోంది. జీవ ఉత్పత్తి అని చీటీ అంటించి, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా అమ్మే సీసాల మీద తనిఖీలు సీజన్‌కు ముందే జరగాలి.

ఈలోగా చేనులో చేయగలిగింది కొంత ఉంది. వారానికి రెండుసార్లు చేనులో అక్కడక్కడా ఇరవై మొక్కల ఆకులు తిప్పి చూసి లెక్క రాసుకోండి, పక్కవాడు కొట్టాడని కొట్టొద్దు. పేనుబంక మీద అక్షింతల పురుగు, దాని మొసలి ఆకారపు పిల్ల కనబడితే నాలుగు రోజులు ఆగి చూడండి. చేను చుట్టూ జొన్నో సజ్జో రెండు మూడు వరుసలు, మధ్యలో అక్కడక్కడా అలసంద వేసినచోట మిత్ర పురుగులు ముందే చేరతాయి. తొలి దశలో అయిదు శాతం వేప గింజల కషాయం, ఆకు అడుగు తడిసేలా. పసుపు జిగురు అట్టలు దోమ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మంచివి, వాటితోనే అదుపు అవుతుందని అనుకోవద్దు. యూరియాను మూడు నాలుగు దఫాలుగా, తేమ ఉన్నప్పుడు, మొక్క పక్కన వేయండి. రెండు మందులు కలిపి కొట్టమన్నవారిని బిల్లు మీద రాసివ్వమని అడగండి. రాసివ్వనంటే ఆ మందు పేరు, డబ్బా మీది బ్యాచ్ నంబరు మీ మండల సంఘం కార్యదర్శికి చెప్పండి. ఆ వివరాలన్నీ కలిపి జిల్లా వ్యవసాయ అధికారి ముందు పెడతాం.